రెండు నిమిషాల లైటు

క్వారీ మలుపులో బండి ఆపకూడదని మా దగ్గర పాలు తాగే పిల్లాడికి కూడా తెలుసు. ఎప్పుడో లారీతో సహా గోతిలో పడ్డ డ్రైవరు, కింద లైటు వేసి ఆర్పుతూ మనుషుల్ని పిలుస్తాడట. చూసిందెవరని అడగండి... ఒక్కడూ ఉండడు. అందరూ విన్నవాళ్ళే!

చూసినవాడు ఒక్కడే నాకు తెలుసు. మా తోడల్లుడు. అతను చెప్పింది చెప్పినట్టు చెబుతున్నా.

అతను కార్ల ఎలక్ట్రీషియన్. తండ్రి లేని పిల్లాణ్ణి షెడ్డుకి తీసుకెళ్ళి పని నేర్పింది ఓ ముసలి మేస్త్రి. ఊరందరి కార్లూ బాగుచేసే ఆ మహానుభావుడు తన కారు తలుపు మాత్రం సరిగ్గా వెయ్యడు. తలుపు తెరిస్తే లోపలి లైటు దానంతటదే వెలుగుతుంది, అరగంటకి దానంతటదే ఆరిపోతుంది, బ్యాటరీ మిగలడానికి. కానీ రోజుకి నాలుగు అరగంటలంటే ముసలి బ్యాటరీకి మాటలా? విసుగొచ్చి తోడల్లుడే దాన్ని రెండు నిమిషాలకి తగ్గించాడు.

"కళ్ళజోడు వెతుక్కునేలోపే ఆరిపోతోంది కదరా!" అన్నాడు మేస్త్రి.

"మీ మతిమరుపుకి ఇదే మందు," అని నవ్వాడు తోడల్లుడు.

ఆ రోజు పొద్దుట్నించీ ముసురు. ఏడు దాటగానే మేస్త్రి భార్య ఫోను చేసింది.

"నాన్నా, మీ మేస్త్రి పక్కూరి నించి నాలుగింటికే బయల్దేరారు. ఇంకా రాలేదు, ఫోనూ కలవట్లేదు. నాకు కాళ్ళూ చేతులూ ఆడట్లేదురా."

"నేను చూసొస్తా పిన్నీ. మీరు కంగారుపడకండి."

తోడల్లుడి బైకు సైలెన్సరుకి చిల్లు. "నీ బండి వీధి మొదట్లో ఉండగానే మా ఆవిడ తలుపు తీసేస్తుంది," అని మేస్త్రి ఎప్పుడూ ఎగతాళి చేసేవాడు. ఆ చప్పుడుతోనే పెద్ద రోడ్డుకి వెళ్ళాడు. అక్కడ చెట్టు పడి దారి మూసేశారు. మిగిలింది క్వారీ దారి.

మలుపులో వేగం తగ్గించి కిందికి చూశాడు. అంతా చీకటి.

అంతలో... కిర్రుమని ఏదో చప్పుడు. గోతి అడుగున చిన్న పసుపు వెలుగు. వెలుగులో తెల్లటి తల. అద్దానికి ఆనిన అరచెయ్యి.

బండి ఆగింది. ఇంజను మాత్రం కొట్టుకుంటూనే ఉంది. అతని గుండె కూడా.

అతను కదలకుండా చూస్తుండగానే, కాసేపటికి వెలుగు మెల్లగా ఆరిపోయింది — ఎవరూ ముట్టుకోకుండా.

మళ్ళీ కిర్రు... మళ్ళీ వెలుగు. ఈసారి చెయ్యి ఊగింది. రమ్మన్నట్టు.

ఇక ఆగలేదు. మేస్త్రి ఇల్లు చేరేదాకా వెనక్కి తిరిగి చూడలేదు.

"క్వారీ దారి కూడా చూశావా?" గుమ్మంలోనే అడిగింది పిన్ని.

భయపడి పారిపోయానని చెప్పడానికి సిగ్గేసింది. "చూశాను పిన్నీ. అక్కడెవరూ లేరు," అన్నాడు.

ఆ మాట నమ్మి రాత్రంతా మిగతా దారులన్నీ వెతికారు.

తెల్లారి రాళ్ళు కొట్టేవాళ్ళు కబురు పంపారు. క్వారీ గోతిలో మేస్త్రి కారు ముక్కు బండకి గుద్దుకుని నుజ్జయింది. హారన్ లేదు, ముందు లైట్లు లేవు. మేస్త్రి కాళ్ళు ఇరుక్కుపోయాయి. పైవాళ్ళని పిలవడానికి చేతికందేది పక్క తలుపొక్కటే. లోపలి లైటు ఆరినప్పుడల్లా ఆ తలుపు మూసి, మళ్ళీ తెరిచాడు. రెండు నిమిషాలకోసారి. ఓపిక ఉన్నంతసేపూ.

పదింటిదాకా ప్రాణం ఉండుంటుందన్నాడు డాక్టరు.

ఆయన ఒళ్ళో ఫోను దొరికింది. గోతిలో సిగ్నల్ లేక, భార్యకి పంపాలనుకున్న మాట అందులోనే ఉండిపోయింది. ఏడూ నలభైకి రికార్డయిందది. పిన్ని అందరి ముందూ పెట్టి వింది. తోడల్లుడు పక్కనే ఉన్నాడు.

"ఏడవకే... పైన బండి ఆగింది. ఆ చప్పుడు మనవాడిదే. నన్ను చూశాడు... వచ్చేస్తాడు..."

ఆ మాటల వెనక చిల్లు సైలెన్సరు చప్పుడు ఒక్కసారి పెద్దదైంది. తర్వాత దూరమవుతూ, దూరమవుతూ... వినపడకుండా పోయింది.