తీసేస్తే మిగిలింది

"స్పీకర్‌లో తప్పేమీ లేదండీ. ఆవిడ గొంతే అలా ఉంది."

పదిహేను మంది డీలర్ల ముందు నేనన్న మాట ఇది. ఇప్పటికీ గుర్తొస్తే చెవులు వేడెక్కుతాయి.

మా మేనమామ స్పీకర్లు తయారు చేస్తాడు. వాటిని పరీక్షించే పని నాది. మీటరు చెప్పనిదే వాన పడుతోందని కూడా నమ్మనని మావాళ్లు నాకు ‘మీటర్’ అని పేరు పెట్టారు. ఆ రోజు కొత్త స్పీకర్ డెమోకి పక్క వీధి సంగీతం టీచర్‌ని పిలిచాడు మావయ్య. ఆవిడ తన బామ్మను వెంటబెట్టుకుని వచ్చింది. మైకు అందుకుంటూ నా వైపు చూసి, "ఇది కరవదు కదా?" అంది. నాలో ఏదో మీటరు ముల్లు ఒక్కసారిగా ఎర్రగీత దాటేసింది.

పాట పైకి వెళ్లి, అదే స్పీకర్లోంచి వస్తున్న రికార్డు డ్రమ్ము జోరందుకునేసరికి గొంతు గరగరలాడింది.

"ఏమిటా గరగర?" అని ఒక డీలరు మొహం చిట్లించాడు.

నేను చార్టు తీశాను. ఒక్కో స్వరాన్నీ విడివిడిగా స్పీకర్లోకి పంపి కొలిచిన చార్టు. ఎక్కడా మచ్చ లేదు. అందుకే ఆ మాట అనేశాను.

ఆవిడ మైకు బల్ల మీద పెట్టి, ఎవరి వైపూ చూడకుండా బయటికి నడిచింది. బామ్మ మాత్రం నా దగ్గర ఆగింది.

"మా పిల్లకి కాదు బాబూ, నీ డబ్బాకి జలుబు చేసింది."

నేను నవ్వాను. తప్పు మాట కన్నా ఆ నవ్వే నన్ను ఎక్కువగా కాల్చుకు తింటోంది.

మూడు వారాల తర్వాత ఒక డీలరు స్పీకర్ తిప్పి పంపాడు. వేరే పాట, పాడింది మగవాడు. ఫిర్యాదు మాత్రం అదే గరగర.

గది తలుపు వేసుకుని, డెమో రోజున మైకులోంచి నేరుగా రికార్డయిన ఆవిడ పాటే, ఆనాటి డ్రమ్ము కూడా కలిపి పెట్టాను. స్పీకర్లో ఒకసారి మెల్లగా, ఒకసారి గట్టిగా వినిపించి, రెండూ రికార్డు చేశాను. రెండింటినీ ఒకే స్థాయికి తెచ్చి, గట్టిదాంట్లోంచి మెల్లదాన్ని తీసేశాను. స్పీకర్ నిజాయితీగా ఉంటే ఏమీ మిగలకూడదు.

మిగిలింది. డ్రమ్ము దెబ్బ పడ్డ ప్రతిసారీ గర్ర్‌మంటూ మిగిలింది. డ్రమ్ము మోతకి స్పీకర్లో కోన్ అనే పలుచని పొర ముందుకీ వెనక్కీ ఊగుతుంటే, దాని మీదే ఉన్న ఆవిడ గొంతు కూడా నలిగిపోతోంది. నేనేమో ఒక్కో స్వరాన్నీ ఒంటరిగా పరీక్షించి మురిసిపోయాను. పాటలో ఏ స్వరమైనా ఒంటరిగా ఉంటుందా?

తర్వాత డ్రమ్ము లేకుండా మైకు రికార్డింగు ఒక్కటే హెడ్‌ఫోన్లలో విన్నాను. ఆ గొంతులో చిన్న గీత కూడా లేదు. సిగ్గుతో చాలాసేపు తలెత్తలేకపోయాను.

మర్నాడు వాళ్లింటికి వెళ్తే బామ్మ తలుపు తీసింది.

"ఓహో, డబ్బా డాక్టరా? రా."

లోపల మనవరాలు నోట్‌బుక్కులో ఏదో రాసి నా ముందు పెట్టింది. ‘మాట్లాడను. గొంతుకి విశ్రాంతి.’

"ఎన్నాళ్లుగా?" అన్నాను.

"అంతా నీ చలవే," అంది బామ్మ. "ఇరవై రెండు రోజులు. పాఠాలు కూడా మానేసింది. డాక్టరు ఏమీ లేదన్నా నమ్మదు. మీటరు చెప్పిందిగా మరి."

భూమి చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. తప్పు నాదేనని, విన్నదంతా చెప్పాను. ఆవిడ తలొంచుకుని మళ్లీ రాసింది.

‘ఇక్కడ చెప్తే ఏం లాభం? అప్పుడన్నది పదిహేను మంది ముందు.’

మావయ్య దగ్గరికి వెళ్లాను.

"ఒరేయ్, మన స్పీకర్ బాగాలేదని డీలర్లకి మనమే చెప్పుకోవాలా?"

"ఆవిడ గొంతు బాగాలేదని మనమే చెప్పాం కదా మావయ్యా."

మావయ్య కళ్లద్దాలు తీసి, శుభ్రంగా ఉన్నవాటినే తుడిచాడు. "శనివారం పిలుస్తాను," అన్నాడు.

శనివారం అందరూ వచ్చారు. బామ్మా మనవరాలూ చివరి వరసలో కూర్చున్నారు. ముందు మైకు రికార్డింగు వినిపించాను, తర్వాత తీసేస్తే మిగిలిన ఆ గరగర.

"ఈ గరగర ఆవిడది కాదు, నా స్పీకర్ది," అన్నాను. "చార్టు చూశాను గానీ చెవులు వాడలేదు. బామ్మగారు అప్పుడే చెప్పారు. నేను నవ్వాను."

ఆ రోజు మొహం చిట్లించిన డీలరే వెనక్కి తిరిగి, "క్షమించమ్మా," అన్నాడు. నెలలో సరిచేసి ఇస్తామని మావయ్య చెప్పి అందరినీ సాగనంపాడు.

బయట వాన మొదలైంది. బామ్మా మనవరాలూ చూరు కింద ఆగిపోయారు. గొడుగు పట్టుకుని పరిగెత్తాను.

"సారీ అండీ. ఆ మాటకి సారీ. నవ్వినందుకు సారీ. పాఠాలు మానేయించినందుకు..."

ఆవిడ నోట్‌బుక్ తెరిచింది. ‘సారీలన్నీ తీసేస్తే ఏమైనా మిగులుతుందా?’

బామ్మ ఏమీ వినబడనట్టు వాన వైపు తిరిగింది. బామ్మ చెవులెంత పదునైనవో నాకు తెలియదా?

"మిగులుతుంది," అన్నాను. "మైకు కరవదు కదా అని అడిగారు చూడండి, అప్పట్నుంచీ మీరంటే ఇష్టం. చెప్పే ముఖం లేదనీ తెలుసు."

ఆవిడ నోట్‌బుక్ మూసేసింది. ఇరవై ఆరు రోజులు దాచుకున్న గొంతు మొదట కాస్త తడబడింది.

"ఈ మాటలో గరగర లేదు," అంది మెల్లగా.

బామ్మ నా చేతిలోంచి గొడుగు లాక్కుని మెట్లు దిగింది.

"నేను ముందు నడుస్తా. మీరు నెమ్మదిగా తడుస్తూ రండి. ఈసారి జలుబు ఎవరికి చేసిందో మాత్రం నన్నడుగు బాబూ."