తిరగబడ్డ చిలక

"సాయంత్రంలోగా దొంగ తేలకపోతే నా మీద పోలీసు కేసు పెడతారటండీ" అంది నాజియా.

గుడివాడలోని ఆ చిన్న ఆఫీసులో ప్రైవేట్ డిటెక్టివ్ ప్రేమ ఆమె వైపు మంచినీళ్ళ గ్లాసు జరిపింది. అసిస్టెంట్ జాన్సన్‌కి మాత్రం ఆ అమ్మాయి మీద అప్పుడే అనుమానం మొదలైంది. తప్పు చేసినవాళ్ళే ముందుగా పరిగెత్తుకొస్తారని అతని సిద్ధాంతం.

నాజియా బందరులో వాజిద్ గారి కలంకారీ అద్దకం షెడ్డులో గుమాస్తా. శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటకు, వాజిద్ నమాజుకెళ్ళిన వేళ, బెంగళూరు కంపెనీ పేరుతో ఒక మెయిల్ వచ్చింది. చిలక డిజైన్ నచ్చిందనీ, లింకు తెరిచి పాస్‌వర్డ్ కొట్టి గంటలోగా ఖాయం చెయ్యకపోతే ఆర్డర్ రద్దవుతుందనీ దాని సారాంశం. కింద చిలక గీత బొమ్మ. ఆ కంపెనీకి తప్ప బయట ఎవరికీ చూపని డిజైన్ కాబట్టి నాజియా నమ్మింది. మర్నాడు షెడ్డు మెయిల్ నుంచే బెంగళూరుకి, ఆర్డర్ చేయలేమని కబురు వెళ్ళింది. పన్నెండు కుటుంబాల పని పోయింది. పాస్‌వర్డ్ ఆమే అమ్ముకుందని వాజిద్ అనుమానం.

ప్రేమ ఆ మెయిల్ చాలాసేపు చూసింది. పంపిన అడ్రసు కంపెనీది కాదు. బొమ్మలో చిలక ఎడమవైపు తిరిగి మామిడిపిందెను పొడుస్తోంది.

మధ్యాహ్నానికి బందరు చేరారు. శాంపిల్ గుడ్డను బెంగళూరు తీసుకెళ్ళింది ఏజెంట్ శ్రీహరి. అతను నుదురు తుడుచుకుంటూ, చూపించి వెనక్కి తెచ్చానని ఒకటికి మూడుసార్లు చెప్పాడు. జాన్సన్ అనుమానం అతని మీదికి దూకింది. ప్రేమ ఆ గుడ్డను బల్ల మీద పరిపించింది. చిలక కుడివైపు చూస్తోంది.

తర్వాత ఆమె అచ్చులు చెక్కే అంకమ్మరావుని, చిలక అచ్చు ఎలా చేశారో చెప్పమంది. అద్దినప్పుడు బొమ్మ తిరగబడుతుంది కాబట్టి, వాజిద్ గీసిచ్చిన బొమ్మను పల్చటి కాగితం మీద తిరగేసి గీసుకుంటాననీ, దాన్ని చెక్క మీద అంటించి చెక్కుతాననీ, చెక్కుతుండగానే కాగితం పోతుందనీ ఆయన ఓపిగ్గా వివరించాడు.

నాలుగింటికి అందరినీ కూర్చోబెట్టింది ప్రేమ.

"శ్రీహరి గారు గుడ్డ చూశారు. వాజిద్ గారు, నాజియా అసలు బొమ్మ చూశారు. వాటిలో చిలక కుడివైపే చూస్తుంది. అద్దేవాళ్ళ చేతికి వచ్చేది చెక్కే. తిరగేసిన గీత బొమ్మ కాగితం మీద ఒక్కరి దగ్గరే ఉంటుంది. అంటించకముందు దాన్ని ఫోటో తీసిందెవరు, అంకమ్మరావు గారూ?"

"బొమ్మ తప్పని ఆయనకి తెలీదా మేడమ్?" అన్నాడు జాన్సన్.

"ముప్పై ఏళ్ళుగా తిరగేసిన బొమ్మతోనే బతికిన కళ్ళు జాన్సన్. ఆయనకి అదే సరైన చిలక. మీ ఫోను ఇలా పెట్టండి, బాబాయ్ గారూ."

అంకమ్మరావు చెయ్యి జేబు దాకా వెళ్ళి ఆగిపోయింది. పెడనలో అల్లుడు కొత్త షెడ్డు పెట్టాడనీ, మెయిల్ సంగతంతా అతనే నడిపాడనీ, ఈ ఆర్డర్ అటు మళ్ళుతుందని ఆశపడ్డాననీ తలవంచుకుని చెప్పాడు.

"చిన్నప్పట్నుంచీ బాబాయ్ అన్నాను కదయ్యా నిన్ను" అన్నాడు వాజిద్.

నాజియా ముందు పాస్‌వర్డ్ మార్చింది. తర్వాత, ఆ దొంగ మెయిల్లోని నంబరు వదిలేసి, పాత బిల్లు మీదున్న నంబరు వెతికి బెంగళూరుకి ఫోన్ చేసింది. రద్దు కబురు తమది కాదంది. అవతలి మేనేజరు గొంతులో అనుమానం స్పష్టంగా వినిపించింది.

"నువ్వు వాజిద్ గారి మనిషివేనని నేనెలా నమ్మాలమ్మా?"

"నమ్మకండి సార్. ఫోన్ పెట్టేసి, మీ దగ్గరున్న వాజిద్ గారి పాత నంబరుకి మీరే చెయ్యండి."

నిమిషం గడిచింది. రెండు నిమిషాలు. వాజిద్ జేబులో ఫోను మోగింది. ఆయన దాన్ని తీసి, తాను మాట్లాడకుండా, రెండు చేతులతో నాజియాకి అందించాడు.