మెట్ల కింద గదిలో టేపు

ఆ ఆసుపత్రి మెట్ల కింద ఒక గది ఉంది. చీకటి పడితే అటు ఎవరూ పోరు. నర్సులు మందుల గదికి చుట్టూ తిరిగైనా వెళ్తారు గాని ఆ మెట్లు దిగరు. మా చెల్లెలు అక్కడ కంప్యూటర్ల విభాగంలో పనిచేస్తుంది. తను చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

ఆ గది టేపుల మావయ్యది. అసలు పేరు జీతాలిచ్చే వాళ్ళకి తప్ప ఎవరికీ తెలీదు. ఆసుపత్రి కంప్యూటర్లో ఉన్నదంతా రాత్రిపూట టేపు మీదికి నకలు తీయించడం ఆయన పని. అన్నం తినడం మర్చిపోయేవాడు గాని టేపు మార్చడం ఎన్నడూ మర్చిపోలేదు. పోయిన వానాకాలం ఆయన పోయాడు. గదికి తాళం పడింది. పై అంతస్తులో టేపు మీద రాసే కొత్త యంత్రం, అదే టేపు డ్రైవ్, పెట్టి, దాన్ని మా చెల్లెలికి అప్పగించారు.

ఆ తర్వాతే మొదలైంది...

నడిరాత్రి తాళం వేసిన గదిలోంచి చప్పుడు. ముందు సన్నగా మూలుగు — తర్వాత ఏదో బరబరా చుట్టుకుంటున్నట్టు — చివర్లో టక్‌మని ఒక్క శబ్దం. మావయ్యకి చచ్చినా డ్యూటీ దిగబుద్ధి కాలేదని క్యాంటీన్లో నవ్వుకునేవారు. పగలు మాత్రమే.

ఒకరోజు పొద్దుగూకే వేళ ఆసుపత్రి పెద్ద కంప్యూటర్లో డిస్క్ పాడైంది. అదే సమయానికి ఒక చిన్నపిల్లని తీసుకొచ్చారు. పేగు మెలిపడింది, వెంటనే కోయాలి. ఇదివరకోసారి ఇక్కడే ఆ పిల్లకి మత్తుమందు పడక ఊపిరి ఆగినంత పనైంది. ఏ మందో తల్లికి తెలీదు. "ఏదో ఒకటి పడదు డాక్టరుగారూ..." అంటుంది, అంతే. ఆ వివరం ఉన్నది కంప్యూటర్లో.

"టేపులున్నాయి కదమ్మా" అన్నారు పెద్ద డాక్టరు.

బీరువా నిండా ఉన్నాయి. బాగుచెయ్యడానికొచ్చిన ఇంజనీరు కొత్త డిస్క్ బిగించి, ఒక టేపు పెట్టి చూశాడు. ఖాళీ. ఇంకోటి పెట్టాడు — ఖాళీ. మా చెల్లెలు రోజూ డ్రైవ్ మీద పచ్చదీపం చూడడం, టేపు తీసి చీటీ అంటించి దాచడం. అంతేగాని ఒక్కదాన్నయినా తిరిగి చదివించి చూడలేదు.

అప్పుడు తనకి తట్టింది — నకలు ఇక్కడికి రాకపోతే, రోజూ ఎక్కడికి పోతున్నట్టు?

ఆ చప్పుడు...

కాపలావాడు తాళంచెవి దూరం నుంచే విసిరాడు. తాళం తుప్పుపట్టి, నూనె పోస్తే గాని తిరగలేదు. లోపల చీకట్లో ఒకే ఒక్క పచ్చదీపం. మావయ్య పాత డ్రైవ్. లోపల టేపు ఉంది.

అది తీసుకుని చెల్లెలు పైకి పరిగెత్తింది. కొత్త డ్రైవ్ దాన్ని గడగడా చదివేసింది. నిన్న రాత్రిది. పిల్ల పేరుంది, పడని మందు పేరూ ఉంది.

పిల్ల బతికింది.

తెల్లారాక టీ తాగుతూ ఇంజనీరు అసలు సంగతి విప్పాడు. కొత్త డ్రైవ్ పెట్టినవాళ్ళు పెద్ద కంప్యూటర్‌కి ఆ మాట చెప్పడం మరిచారు. అది తన మానాన తాను పాత డ్రైవ్‌కే పంపుతోంది. వైరు ఎవరూ పీకలేదు.

"ఇదండీ మీ దెయ్యం" అని నవ్వాడు. "పనవగానే టేపుని బయటికి తోస్తుంది చూడండి, ఆ టక్‌మనేది అదే. మనం చేత్తో మళ్ళీ లోపలికి నెడితేనే గాని మర్నాడు రాయ..."

అక్కడ ఆగాడు. కప్పు కింద పెట్టాడు.

"గదికి తాళమేసి ఎన్నాళ్ళయిందన్నారు?"



మొన్న చెల్లెలు ఇంటికొచ్చినప్పుడు అడిగాను, ఆ పాతది ఇంకా పీకేయలేదా అని.

"పీకడమెందుకక్కా? పైనా కిందా రెండింటికీ పంపమని పెట్టాం."

"మరి కింద టేపు మార్చేదెవరే? నువ్వా?"

"నేను సాయంత్రం కొత్త టేపు తీసుకెళ్ళి గదిలో తలుపు పక్క బల్ల మీద పెట్టి, బయట తాళం వేసి వచ్చేస్తాను" అంది, చిక్కుడుకాయలు వలుస్తూ. "పొద్దున వెళ్ళేసరికి బల్ల మీద నిన్నటిది ఉంటుంది."