కామాక్షమ్మ చెయ్యి

2047 ఫిబ్రవరి పదిహేను, శుక్రవారం, ఉదయం పదీ ఇరవైకి కాకినాడ డిజైన్ పరీక్ష హాల్లో హైమ చెయ్యి ఆగిపోయింది.

గ్రాఫిక్ డిజైన్ సర్టిఫికెట్ కోర్సుకి అది ఆఖరి పరీక్ష. చీర అంచు గీయాలి. సర్టిఫికెట్ వస్తే చీరల కంపెనీలో ఉద్యోగం ఖాయం, రాకపోతే ఆ కుర్చీ వేరేవాళ్లది.

ఆమె మణికట్టుకి హ్యాండ్ మెమరీ బ్యాండ్ ఉంది, పరీక్షలో దానితోనే గీయాలి. ఒక మనిషి ఏళ్ల తరబడి గీసినవి చూపిస్తే ఆ చేతి కదలికని బ్యాండ్ నేర్చుకుంటుంది. తర్వాత ఎవరు కట్టుకున్నా సన్నని కరెంటుతో వాళ్ల వేళ్లని అలాగే నడిపిస్తుంది. హైమ తనకి గురువుగా కిందటేడు పోయిన తల్లి కామాక్షమ్మని ఎంచుకుంది. ఆవిడ ముగ్గులన్నీ వాకిలి కెమెరాలో ఉన్నాయి. కోర్సు సాగినన్నాళ్లూ అమ్మ చెయ్యి పట్టుకుని దిద్దించినట్టే ఉండేది.

ఇవాళ ఆ చెయ్యి బిగుసుకుంది.

బ్యాండ్ తయారుచేసిన డాక్టర్ రెహానా ఆ హాల్లోనే ఉంది. వచ్చి బ్యాండ్ స్క్రీన్ చూసింది. "పాడవలేదమ్మా. గియ్యని రోజుల్ని కూడా బ్యాండ్ నేర్చుకుంటుంది. ఏటా ఒకరోజు మీ అమ్మగారు ముగ్గు వెయ్యలేదు. తేదీలు వేరు, తిథి మాత్రం ఒకటే. మాఘ బహుళ షష్ఠి. ఇవాళే."

"తద్దినం నాడు మేం ముగ్గు వెయ్యం మేడమ్. కానీ ఇవాళ మా ఇంట్లో ఎవరి తద్దినమూ లేదే!"

వరండాలో కూర్చున్న తండ్రి శేషావతారాన్ని పిలిచారు. తిథి పేరు వినగానే ఆయన కూతురి వైపు తిరిగాడు.

"నీకు ముందొక ఆడపిల్ల, అమ్మడూ. ఈ తిథినాడే, పురిట్లోనే పోయింది. పేరైనా పెట్టలేదు, పసిబిడ్డకి తద్దినమేమిటన్నారు పెద్దలు. ఏటా ఆ పూట ఒంట్లో బాగోలేదనేది మీ అమ్మ. బద్ధకమని వేళాకోళం చేశాను కూడాను."

రెహానా గొంతు తగ్గించింది. "ఆ రోజుల్ని చెరిపేస్తాను. ఇప్పుడే గీసెయ్యొచ్చు."

హైమ ఆ బిగిసిన వేళ్లని రెండో చేత్తో నిమిరింది. "అమ్మ ఇన్నేళ్లు దాచుకున్నది నేను చెరపనా? వద్దు మేడమ్."

కాగితం తెల్లగానే ఇచ్చేసి వచ్చింది. ఉద్యోగం పోయింది.

మర్నాడు పొద్దున్నే స్నానాలు చేసి, దీపం పెట్టి, శేషావతారం పళ్లెంలో బియ్యం పోశాడు, బారసాలకి పోసినట్టే. తన ఉంగరం తీసి కూతురికిచ్చాడు. బ్యాండ్ లేని చేత్తో హైమ అక్కకి ఒక పేరు పెట్టి ఆ బియ్యంలో రాసింది. అక్షరాలు వంకర్లు పోయాయి. దిద్దబోతే ఆయన వద్దన్నాడు.

ఆ పళ్లెం కదపకుండా, ఆ పూటకి అన్నం వేరే బియ్యంతో వండుకున్నారు.