తలుపు అవతలి పాట

ఉదయశ్రీ వాళ్లది హైడెల్‌బర్గ్ పాత ఊళ్లో రెండో అంతస్తు. రాతి మెట్లు, ఎత్తు కిటికీలు, అడుగు వేస్తే కిర్రుమనే చెక్క నేల. కింద వీధి తలుపు పక్కన గోడకి ఒక రాతి పలక బిగించి ఉంటుంది. ఇటలీ నుంచి వచ్చిన ఓపెరా స్వరకర్త లొరెంజో వాల్‌మార్కి కడదాకా ఈ ఇంట్లోనే బతికాడని దాని మీద చెక్కారు. ఇల్లు చూడటానికి వచ్చిన రోజు సుమంత్ అది చదివి, "గందుకే కిరాయి గింత మండుతుంది. ఆయన కిరాయి కూడా మనతోనే కట్టించుకుంటున్నరు" అని నవ్వాడు.

ఆ నవ్వు ఇంట్లో విని చాన్నాళ్లయింది. తల్లికి బాగాలేదని సుమంత్ డిసెంబరులో హన్మకొండ వెళ్లాడు. వెళ్లినవాడికి అక్కడ కరోనా అంటుకుంది. మేడ మీద గదిలో ఒక్కడే పడుకుని, దగ్గుతూ, వీడియో కాల్‌లో పిల్లల్ని చూసుకుంటున్నాడు. ఇక్కడ ఉదయశ్రీ, పదకొండేళ్ల నవ్యశ్రీ, నెలలు నిండకుండా పుట్టిన రెండేళ్ల తేజు. ఊరంతా మూత. స్కూలు టాబ్లెట్‌లో నడుస్తోంది. మంచు పడుతోంది, కరుగుతోంది, మళ్లీ పడుతోంది.

నవ్యకి స్కూల్లో రెఫరాట్ ఇచ్చారు. ఒక స్వరకర్తను ఎంచుకుని ఆయన జీవితం గురించి క్లాసుకి చెప్పాలి. పిల్లలంతా పెద్ద పేర్లకి ఎగబడితే, నవ్య తన ఇంటి గోడ మీది పేరు పట్టుకుంది.

"ఓపెరా అంటే ఏంది నవ్యా, సినిమా లెక్కనా?" పెసర పిండి రుబ్బుకుంటూ అడిగింది ఉదయశ్రీ.

"నైన్, కాదు మమ్మీ. అందులో మాట్లాడరు. అన్నీ పాడుతరు. కోపమొచ్చినా పాడుతరు, సచ్చిపోతున్నా పాడుతరు."

"మా తాత గూడ అంతే. పద్యనాటకంలో కత్తి దిగినంక కూడా రాగం తీసేటోడు. జనం వన్స్‌మోర్ అంటే లేచి మళ్లీ సచ్చేటోడు."

నవ్య పగలబడి నవ్వింది. నవ్వి దగ్గింది. ఆ దగ్గు ఆగలేదు.

టెస్టు చేయిస్తే నవ్యకి పాజిటివ్ అని వచ్చింది. ఉదయశ్రీకి, తేజుకి నెగటివ్. ఆరోగ్య కార్యాలయం నుంచి ఫోన్ చేసినామె గొంతు మెత్తగానే ఉంది. వీలైనంతవరకు పాపని వేరే గదిలో ఉంచండి, భోజనం విడిగా పెట్టండి అని అందరికీ చెప్పేదే చెప్పింది. పై అంతస్తులో ఉండే ముసలామె ఫ్రావు క్రేమర్ అయితే, "పిల్లల దగ్గర ఇవన్నీ ఎవరు పాటిస్తారమ్మా, పక్కలో పడుకోబెట్టుకో" అంది మెట్ల మీద నిలబడి.

ఆమెకేం, అంటుంది. ఆమెది ఈ ఊరు. ఉదయశ్రీ చెత్త వేసేటప్పుడు కూడా డబ్బా రంగు ఒకటికి రెండుసార్లు చూసుకునే మనిషి. ఆదివారం ఇంట్లో మిక్సీ వేయదు. బ్లూ కార్డు వీసా మీద బతికేవాళ్లు ఎవరిచేతా వేలెత్తి చూపించుకోకూడదని ఆమె భయం. దానికి తోడు తేజు ఊపిరితిత్తులు. వాడు పుట్టినప్పుడు గాజుపెట్టెలో ఉంటే బయట నిలబడి చూసిన రోజులు ఆమె ఇంకా మర్చిపోలేదు. అటు చూస్తే నవ్యకి చలికాలమంతా పిల్లికూతలు. ఇటు చూస్తే వీడు.

గుండె రాయి చేసుకుని, స్నానాలగది కలిసి ఉన్న పడకగది నవ్యకి ఇచ్చి తలుపు మూసింది.

తన చిన్నప్పుడు అమ్మవారు పోసినప్పుడు తనకీ గది వేరు చేశారు. కానీ అమ్మమ్మ వేపమండ పట్టుకుని పక్కనే చాప వేసుకుంది. ఒక్క పూట కూడా ఒంటరిగా వదల్లేదు. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ఉదయశ్రీ తోమిన గిన్నెనే మళ్లీ తోమేది.

తలుపు ముందు పళ్లెం పెట్టి తను పక్కకి వెళ్తే, నవ్య తలుపు తీసి అందుకునేది. రాత్రి పడుకోబోయే ముందు మాస్కు పెట్టుకుని గడప దగ్గర నిలబడి ఒకసారి చూసుకునేది. మిగతా వేళలకి ఒక ఒప్పందం.

"టాబ్లెట్‌ల మాట్లాడుదామంటే తేజుగాడు గుంజుకుంటున్నడు. నువ్వు పాడుతుండు బిడ్డా. మీనాక్షి టీచర్ ఆన్‌లైన్‌ల చెప్పిన సరళీ స్వరాలు పాడు. నాకు వంటింట్లకి వినపడితే చాలు, మంచిగున్నవనుకుంట."

తలుపు అవతల నుంచి నవ్య, "ఆయన గూడ అట్లనే అన్నడు" అంది.

"ఎవరు?"

"తర్వాత చెప్త."

ఒప్పందం బాగానే సాగింది. స రి గ మ... దగ్గు. ప ద ని స... పిల్లికూత. ఉదయశ్రీ ఆ ఊపిరిని పాటతో పాటే వినేది. ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ ఎగపీలుస్తుందో ఆమెకి కంఠతా వచ్చేసింది.

సాయంత్రాలు తేజుని ఒళ్లో వేసుకుని తలుపుకి వీపు ఆనించి కూర్చునేది. అవతల నవ్య కూడా అలాగే కూర్చుని, సగం తెలుగులో సగం జర్మన్‌లో రెఫరాట్ వినిపించేది.

లొరెంజో బెర్గామోలో రొట్టెలు కాల్చేవాడి కొడుకు. చర్చిలో పాడే పిల్లల్లో వాడి గొంతుకి సాటి లేదు. మీసాలు వచ్చే వయసుకి ఆ గొంతు పోయింది. పాడలేనివాడు రాయడం నేర్చుకున్నాడు. వెనిస్‌లో మొదటి ఓపెరాకి జనం ఈలలు వేసి లేచిపోయారు. తర్వాతిదానికి భుజాల మీద ఊరేగించారు. పేరు విని ఇక్కడి ప్రభువు పిలిపించుకున్నాడు. ఏటా ప్రభువు పుట్టినరోజుకి ఒక కొత్త ఓపెరా రాయాలి. రాశాడు. భార్య పోయింది, బెట్టీనా అనే కూతురు మిగిలింది. కొన్నేళ్లకి ఆయనకి రాగాలు రావడం మానేశాయి.

"మానేసుడేంది?"

"రాలే మమ్మీ. కూర్చుంటే ఏం రాలే. ప్రభువు కోపమొచ్చి పొమ్మంటే ఎక్కడికి పోతడు? వేరే దేశం కదా."

ఉదయశ్రీకి ఆ ముక్క వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

అదే ఏడు ఊళ్లో జ్వరాలు వచ్చాయి. బెట్టీనాకి సోకింది. జబ్బు మనిషిని గదిలో పెట్టి, గడప మీద వెనిగర్ చల్లి తలుపు మూయాలని ఊరి ఆజ్ఞ. ఆయన మూశాడు. బతికున్నావని నాకు తెలియాలి, పాడుతూ ఉండు అన్నాడు. కూతురు పాడింది. ఆయన తలుపు ఇవతల కొవ్వొత్తి పెట్టుకుని కూర్చుని విన్నది విన్నట్టు రాసుకున్నాడు. ఆ ఓపెరా చూసి ఊరు ఊరంతా ఏడ్చింది. అంతటి పేరు ఆయనకి అంతకుముందు రాలేదు, ఆ తర్వాతా రాలేదు.

"బెట్టీనాకి తగ్గిందా మరి?"

గదిలో హీటరు టిక్కుమంది.

"ఆమె ముందే సచ్చిపోయింది మమ్మీ. పాట ఆగలే, ఆయన ఇంకా రాస్తనే ఉన్నడు."

ఉదయశ్రీ వీపు తలుపు మీంచి కొంచెం ఎడంగా జరిగింది. "ఛీ. పిల్లల పుస్తకంల గట్ల రాస్తరా?"

"పుస్తకంల లేదు."

"మరెవరు చెప్పిన్రు?"

తలుపు సందులోంచి గుసగుసగా, "మమ్మీ... రాత్రిపూట తలుపు కాడ కూర్చుని పాడకు. నాకు నిద్ర పడతలేదు" అంది.

ఉదయశ్రీ రాత్రి పాడలేదు. తేజుని పట్టుకుని హాల్లో సోఫా మీద పడుకుంది. జ్వరంలో కలవరిస్తోందనుకుని, మాత్ర వేయించి, గడప దగ్గర నుంచి చూసుకుని వచ్చింది. ఒళ్లు కాస్త చల్లబడిందని నవ్యే థర్మామీటరు చూసి చెప్పింది.

మర్నాడు పాటే ఆమెని నిద్రలేపింది.

స రి గ మ... తేటగా, నిలకడగా. అమ్మయ్య అనుకుంది. జావ కాచి తలుపు ముందు పెట్టింది. తేజుకి తినిపించింది, బట్టలు మడతపెట్టింది. పాట వినపడుతూనే ఉంది. మధ్యాహ్నానికి చూస్తే జావ గిన్నె మీద మీగడ కట్టి అలాగే ఉంది. నోటికి రుచి తెలియట్లేదేమో.

"నవ్యా, జావ తాగలేదేంది?"

పాట ఆగింది. మళ్లీ మొదలైంది.

"పప్పన్నం పెట్టనా?"

ఆగింది. మొదలైంది.

అలిగినట్టుంది. అలగడం మంచి లక్షణమే, ఓపిక వచ్చిందన్నమాట. అన్నం పళ్లెం పెట్టి పక్కకి వచ్చేసింది. ఫ్రావు క్రేమర్ ఫోన్ చేసింది. "మీ పాప గొంతు చాలా బాగుంది. రాత్రంతా పాడుతూనే ఉంది, నిద్రపోదా?" అని అడిగింది. ఉదయశ్రీ ఇబ్బందిపడి, శబ్దానికి క్షమించమంది. తర్వాత సుమంత్‌కి చేసింది.

"పాడుతుందా?" దగ్గు మధ్యలో అడిగాడు.

"పొద్దుగాలనుంచి ఆపలే."

"మరింకేంది నీ పరేషాను. ఊపిరాడనోళ్లు పాడుతరా?"

నిజమే. ఫోన్ పెట్టేసింది.

నాలుగున్నరకే చీకటి పడింది. తేజు నిద్రపోయాడు. నడవలో లైటు వేయబోతుంటే ఏదో వాసన తగిలింది. పుల్లటి వెనిగర్ వాసన. దాని వెనక, అప్పుడే ఆర్పిన కొవ్వొత్తి వాసన. ఇంట్లో కొవ్వొత్తి వెలిగించలేదు. అన్నం పళ్లెం పెట్టినచోటే ఉంది.

పాట మారింది. ఎప్పుడు మారిందో తెలియదు. సరళీ స్వరాలు కాదు... ఒక వరుస మెల్లగా మెట్లు దిగినట్టు దిగుతోంది. చివరి మెట్టు దగ్గర ఆగి, మళ్లీ పైనుంచి. రెఫరాట్ కోసం ఏదో వీడియో చూసి నేర్చుకుందేమో. ఉదయశ్రీ చెవి తలుపుకి ఆనించింది.

గొంతు నవ్యదే.

కానీ దగ్గు లేదు. పిల్లికూత లేదు. ఆమె ఇంకా విన్నది. వరుస దిగింది. మళ్లీ ఎక్కింది. మళ్లీ దిగింది... ఎక్కడా ఊపిరి పీల్చిన చప్పుడు లేదు. ఒక్కసారి కూడా.

మాస్కు గుర్తు రాలేదు. తలుపు తోసింది.

తలుపు కొంచెం తెరుచుకుని దేనికో తగిలి ఆగింది. సందులోంచి దూరింది. నవ్య నేల మీద పడి ఉంది. తల తలుపు వైపు. చెయ్యి చాచి, వేళ్లు తలుపు చెక్కకి ఆనించి. పెదాలు నీలంగా మారాయి. ఛాతీ ఎగిరెగిరి పడుతోంది, లోపలికి గాలి మాత్రం పోవడం లేదు.

పాట ఇంకా వస్తోంది.

గదిలోంచి కాదు. ఆమె వెనక నుంచి. ఇంతసేపూ తను నిలబడిన నడవలోంచి.

"నవ్యా... బిడ్డా..."

నవ్య కళ్లు తెరిచింది. గొంతు పూర్తిగా పోయింది. చెవి నోటికి ఆనిస్తేగానీ వినపడలేదు.

"శానా సార్లు పిలిచిన... నువ్వు పాడుతనే ఉన్నవ్... నా మాట ఇనలే..."

నడవలో పాట ఆగింది.

అంబులెన్సు తొందరగానే వచ్చింది. నిలువెల్లా తెల్ల తొడుగులు వేసుకున్నవాళ్లు నవ్యని కుర్చీలో కట్టి మెట్లు దింపారు. తనూ వస్తానంది ఉదయశ్రీ. చిన్నబాబుని ఎవరు చూస్తారన్నారు. క్వారంటైన్‌లో ఉన్న ఇంటికి ఎవరిని పిలుస్తుంది? ఆక్సిజన్ పెట్టాం, సమయానికి పిలిచారు అని ధైర్యం చెప్పారు. సమయానికి అన్న మాట ఆమె గుండెలో ముల్లులా దిగింది. కిటికీలోంచి చూస్తే కింద నీలం లైటు రాతి పలక మీద పడుతూ, తొలగుతూ, సందు మలుపు తిరిగి పోయింది.

ఆ రాత్రి ఇంట్లో ఏ చప్పుడూ లేదు. ఆమె దేవుడి ముందు దీపం కూడా పెట్టలేదు. ఆ వాసన మళ్లీ వస్తుందేమోనని.

పొద్దున డాక్టరు ఫోన్ చేశాడు. గండం గడిచింది, మానిటర్ తీసి విడిగది ఇచ్చాం, గొంతు వాచింది కాబట్టి కొన్నాళ్లు మాట రాదు, కంగారు పడొద్దు అన్నాడు. ఉదయశ్రీ ఫోన్ గుండెకి హత్తుకుని, తేజు బిత్తరపోయేలా ఏడ్చింది. సుమంత్‌కి చెప్పింది. అతనూ ఏడ్చాడు.

సాయంత్రం చీకటి పడుతుండగా తనే వార్డుకి చేసింది. కొత్తగా డ్యూటీకి వచ్చిన నర్సు ఎత్తింది. కలుపుగోలు మనిషిలా ఉంది.

"నవ్యశ్రీ తల్లా? నిశ్చింతగా ఉండండి. చాలా హుషారుగా ఉంది. మధ్యాహ్నం నుంచి ఒకటే పాట."

ఉదయశ్రీ ఫోన్ చెవికి గట్టిగా అదుముకుంది.

"లోపలికి వెళ్లాలంటే ప్రతిసారీ ఈ తొడుగులన్నీ వేసుకోవాలి కదా. పాట వినపడుతుంటే మాకూ ధైర్యంగా ఉంటుంది, బాగానే ఉందని."

"తలుపు తెరవండి."

"ఏమన్నారు?"

"మా పాపకి గొంతు లేదు. తెరవండి. ఇప్పుడే. దయచేసి."

"అయ్యో, అంత కంగారు ఎందుకమ్మా? సరే, తొడుగు వేసుకుని వెళ్తాను. అందాకా మీరే వినండి. ఫోన్ స్పీకర్ వేసి తలుపు దగ్గర పెడుతున్నా."

ఫోన్ ఎక్కడో ఆనిన చప్పుడు. దూరమవుతున్న అడుగులు. తర్వాత పాట... మెట్లు దిగినట్టు దిగుతూ. ఊపిరి తీయకుండా. దాని అడుగున, చాలా మెల్లగా, తలుపు చెక్క మీద వేళ్లతో తడుతున్న చప్పుడు.

"నవ్యా," అని గట్టిగా పిలిచింది ఉదయశ్రీ. "నేనే బిడ్డా. మమ్మీని. వస్తున్నరు, లేచి ఉండు..."

ఆమె పిలుపు ఆ ఆసుపత్రి నడవలోకి వెళ్లి, ఫోన్‌లో తిరిగి ఆమె చెవికే వినిపించింది. గొంతు ఆమెదే. కానీ అందులో మాటలు లేవు.

పాట ఉంది.