వర్షిత చెప్పని మాట

మొగులమ్మ పొద్దున్నే పెరట్లోకి వచ్చేసరికి తొమ్మిదేళ్ల మనవరాలు వర్షిత అప్పటికే దుప్పటి ఉతికి పిండుతోంది. రెండు నెలలుగా రోజూ ఇదే వరస.

"చూసినవా అత్తమ్మ, నా బిడ్డ ఎంత పనిమంతురాలైందో!" కోడలు జ్యోతిరాణి మురిసిపోయింది.

మొదట్లో మొగులమ్మ కూడా అలాగే మురిసింది. ఆ వేళ ఎందుకో అనుమానమొచ్చి, పిల్ల పడుకున్న బొంత ఎత్తి చూసింది. తడిసి ఉంది. నాలుగేళ్లకే మానేసిన అలవాటు అది.

రెండు నెలల కిందట యాలాల్ నుంచి తాండూరు వస్తున్న ఆటోను బండల లారీ గుద్దింది. జ్యోతిరాణి చెల్లెలు అక్కడికక్కడే పోయింది. పక్కనే ఉన్న వర్షితకు చిన్న గీత కూడా పడలేదు. దేవుడే కాపాడాడన్నారు అందరూ. పరామర్శకు వచ్చినవాళ్లు ఏమైందని అడిగితే, పిల్ల కన్నీటి చుక్క లేకుండా పాఠం అప్పజెప్పినట్టు చెప్పేది. 'గట్టిగ పట్టుకో బిడ్డా' అన్న చిన్నమ్మ చివరి మాట దగ్గర ఆపేది. ఆ మాట కోసమే జ్యోతిరాణి మళ్లీ మళ్లీ చెప్పించుకునేది. చెల్లెలి గొంతు విన్నట్టుండేది పాపం ఆమెకు. వచ్చినవాళ్లేమో పిల్లకెంత ధైర్యమో అని మెచ్చుకుని, చాయ్ తాగి వెళ్లేవారు.

ఆ మధ్యాహ్నం దూరపు చుట్టం శాంతవ్వ వచ్చింది. కూర్చుంటూనే, "ఏదీ పిల్లా, ఎట్లయిందో జర చెప్పు" అంది. వర్షిత చేతులు కట్టుకుని నిలబడింది.

"వద్దు శాంతవ్వా, ఇగ చాలు. మల్లెప్పుడన్న మాట్లాడుకుందాం" అని మొగులమ్మ ఆమెను సాగనంపేసింది.

జ్యోతిరాణికి ఒళ్లు మండింది. అత్త వెనకాలే వంటింట్లోకి వెళ్లి, "నీకేం అత్తమ్మ! పోయింది నా చెల్లె. నాకు గా మాట ఒక్కటే మిగిలింది" అంది.

ఇంకొకరైతే గొంతు పెంచేవారు. మొగులమ్మ గొంతు తగ్గించింది. "నీ దుఃఖం నాకు తెల్వదా జ్యోతీ? పిల్ల రోజూ పక్క తడుపుతున్నది. మనం చూడకముందే లేచి ఉతుకుతున్నది. గది ధైర్యం గాదు, భయం. నేను గూడ గింత లేటుగ చూసిన. పొద్దుగాలనే ఆశా వర్కర్‌ను అడిగిన. గిసుంటి పిల్లలను చూసే డాక్టరమ్మ వికారాబాద్ దవాఖానల ఉన్నదట. తోల్కపోదాం."

"నా బిడ్డకేమన్న పిచ్చా? నలుగురు వింటే ఏమంటరు?"

"నలుగురు మనింట్ల పండుకుంటలేరు గదా."

"కొట్లాడకుండ్రి. నేను చెప్త." గుమ్మంలో వర్షిత. వెంటనే మొదలుపెట్టింది కూడా. "గా రోజు పొద్దుగాల..."

మొగులమ్మ కింద కూర్చుని పిల్లను ఒళ్లోకి లాక్కుంది. "నీకు చెప్పబుద్ధి అయితుందా బిడ్డా?"

రెండు నెలల్లో ఆ పిల్లను ఎవరూ అడగని ప్రశ్న అది. వర్షిత తల అడ్డంగా ఊపింది.

"మరెందుకు చెప్తున్నవ్?"

"చెప్తే అమ్మ జరసేపు మంచిగుంటది." పిల్ల నాయనమ్మ భుజంలో మొహం దాచుకుంది. "కానీ ఒకటి చెప్పలే. అంచుకు నేను కూసున్న నాయనమ్మ. ఎండ కొడుతుందని నేనంటే చిన్నమ్మ నా జాగల కూసుంది. అమ్మకు తెలిస్తే నన్ను..."

జ్యోతిరాణి వాళ్ల పక్కనే కింద కూర్చుంది. ఇన్నాళ్లూ బిడ్డతో ఏం మోయించిందో అప్పుడు తెలిసింది ఆ తల్లికి. రెండు చేతులూ చాచి పిల్లను గుండెలకు అదుముకుంది. "నీ తప్పేం లేదు బిడ్డా. నీ చిన్నమ్మ గంతే. చిన్నప్పుడు నేను ఎండ అంటే నాకు గూడ గట్లనే నీడ జాగ ఇస్తుండె."

వర్షిత ఒక్కసారిగా బావురుమంది. తల్లి కంగారుపడి ఊరడించబోతే, "ఏడ్వనియ్యి" అంది మొగులమ్మ, తన కళ్లు కొంగుతో తుడుచుకుంటూ.

చాలాసేపటికి జ్యోతిరాణి తలెత్తి అత్త మొహంలోకి చూసింది.

"రేపు వికారాబాద్‌కు మొదటి బస్సు ఎన్నింటికి అత్తమ్మ?"