ఆరుంపావు చీకటి

"పొద్దెక్కిపోనాది. ఇంకా పొయ్యి ఎలిగించనేదేటే దేముడమ్మా?"

అత్తగారి కేకకి దేముడమ్మ ఉలిక్కిపడి లేచింది. కిటికీలోంచి ఎండ పడుతున్న మాట నిజమే గాని, గోడ గడియారం ఐదుంపావే చూపిస్తోంది.

"ఐదుంపావే అత్తా. ఇంకా శానా టైముంది."

అత్తగారు తాతమ్మ గడియారాన్ని ఎగాదిగా చూసింది. "మీ గడియారం కూడా మీ ఆయనలాగే ఉన్నట్టుంది," అని పళ్ళపొడి అరచేతిలో పోసుకుని వాకిట్లోకి వెళ్ళిపోయింది. అక్కడ వల బాగుచేసుకుంటున్న గవరయ్యకి ఆ మాట వినపడింది. ఆయన తల ఎత్తలేదు. కన్నతల్లి తనతో మాట్లాడక పదహారేళ్ళయింది. కోడలికి చెప్పినట్టు చెప్పి తనకి తగిలించడం మాత్రం నిన్న ఓడ దిగినప్పట్నుంచీ జరుగుతూనే ఉంది.

భీమిలి దగ్గరి పల్లె నుంచి గవరయ్య పడుచువాడిగా పోర్ట్ బ్లెయిర్ వచ్చాడు. జంగ్లీఘాట్‌లో గుడిసె వేసుకుని, నిలదొక్కుకున్నాక తమ్ముడు నూకన్నని రప్పించుకున్నాడు. పందొమ్మిది వందల డెబ్భయ్యో సంవత్సరం వైశాఖంలో ఒక సాయంత్రం అన్నదమ్ములిద్దరూ చిన్న పడవలో వేటకెళ్ళారు. వల అడుగున రాతికి చిక్కుకుంది. విప్పడానికి నూకన్న నీళ్ళలోకి దూకాడు. ప్రవాహం లాక్కుపోయింది. గవరయ్య ఒక్కడే ఒడ్డుకి వచ్చాడు. ఆ సంగతంతా తల్లికి ఉత్తరం రాయించాడు. జవాబుగా రెండు ముక్కలు వచ్చాయి: నీ ఉత్తరంలో అబద్ధం ఉంది, నాకిక కొడుకుల్లేరు. ఏది అబద్ధమో ఆవిడ రాయించలేదు. తమ్ముణ్ణి ఈ దీవులకి పిలిచిందే తాను కాబట్టి, ఎవరేమన్నా పడాల్సిందే అనుకుని గవరయ్య అడగలేదు.

ఇప్పుడు ఎనభై ఆరో సంవత్సరం, మళ్ళీ వైశాఖం. గవరయ్య కూతురు రామలక్ష్మికి పెళ్ళి కుదిరింది. "నానమ్మ రాకపోతే పీటల మీద కూర్చోను" అని ఆ పిల్ల మొండికేస్తే, అన్న గణేశ్వరరావు వెళ్ళి ముసలామెని ఓడలో తీసుకొచ్చాడు. పెళ్ళికి ముందు, చనిపోయిన పెద్దలకి కొత్త బట్టలు పెట్టడం వీళ్ళ ఆనవాయితీ. రేపు ఉదయమే అది. ఇంటిపెద్ద తన చేత్తో పెట్టాలి. తాతమ్మ నూకన్న కోసం పెట్టెలో కొత్త పంచె తెచ్చింది. తెస్తూ తెస్తూ ఒక షరతు కూడా తెచ్చింది.

"ఆ పంచెకి మీ ఆయన సెయ్యి తగలకూడదు. గణేశు పెడతాడు," అని నిన్ననే కోడలికి తేల్చి చెప్పేసింది.

జంగ్లీఘాట్‌లో ఉన్న పల్లెవాళ్ళంతా ఆ వేళకి వస్తారు. తమ్ముడి పంచె అన్న పెట్టకపోతే ఎందుకని అడగరు, వాళ్ళే అర్థం చేసుకుంటారు. అప్పట్నుంచి దేముడమ్మకి ముద్ద దిగడం లేదు.

ఇంటి పిల్లలకి మాత్రం వేరే లోకం. నిన్న రాత్రి పక్కింటి అసిరయ్య వీడియో తెప్పించి సినిమా వేశాడు. ఓడ బడలికతో మధ్యాహ్నం నుంచి రాత్రి ఎనిమిది దాకా ఒళ్ళు తెలియకుండా పడుకున్న తాతమ్మ కూడా లేచి వెళ్ళి, చివరిదాకా చూసి వచ్చింది. హార్బర్ ఆఫీసులో గుమాస్తా గణేశ్వరరావుకి సినిమాల్లో తప్పులు పట్టడం ఒక పిచ్చి. దానికో నోట్‌బుక్కు పెట్టాడు. తెలుగు అక్షరాలు రావు గనక తెలుగు మాటల్నే హిందీ అక్షరాల్లో రాస్తాడు.

టీ గ్లాసులు అందరి చేతుల్లోకి వచ్చాక వాడు నోట్‌బుక్కు తెరిచాడు.

"నంబర్ ఏక్. పాటకి ముందు హీరో కుడిచేతికి కట్టు. పాట అయ్యాక ఎడమచేతికి. పక్కా మిస్టేక్."

"మరి పాటలో హీరోయిన్ ఆరు చీరలు మార్చింది. అది రాయలేదేం భయ్యా?" అంది రామలక్ష్మి.

"అది తప్పు కాదే గుంటా," అంది తాతమ్మ గట్టిగా. "అది ఆశ. ఉన్న ఒక్క సీర కట్టుకుని ఏ ఆడదీ కల కనదు."

అందరూ నవ్వారు. దేముడమ్మ కూడా నవ్వింది. ముసలామె సరదాగానే ఉంది, ఇదే అదనులో పంచె సంగతి కదిపితే ఎలా ఉంటుందా అని ఆలోచించింది.

"నంబర్ దో. పడవ తాడు విప్పకుండానే హీరో తెడ్డేశాడు. పడవ వెళ్ళిపోయింది."

వల దగ్గర్నుంచి గవరయ్య గొంతు వినపడింది. "తప్పు కాదురా. అది జారుముడి. కొస లాగితే ఊడొచ్చేస్తాది. ఆడు కాలితో లాగినాడు, నువ్వు సూడనేదు."

తాతమ్మ కొడుకు వైపు తిరగలేదు. కోడలి వైపు తిరిగి, "జారుముడేనని సెప్పు మీ ఆయనకి. నానూ సూసినాను," అంది. పదహారేళ్ళ తర్వాత తల్లీ కొడుకులకి ఒక మాట కుదిరింది. అదీ సినిమా పడవ తాడు మీద. కుదిరినంత వరకు లాభమే అనుకుంది దేముడమ్మ.

"నంబర్ తీన్. ఇది అసలైనది. తల్లి ఎండాకాలంలో ఆవకాయకి కాయలు కోస్తూ ఉంటుంది. గోడ మీద గడియారం ఆరుంపావు. బయట చూస్తే కటిక చీకటి. హీరో లాంతరు పట్టుకుని వస్తాడు. గలత్!"

"బాగా సెప్పినావురా మనవడా," అని తాతమ్మ తొడ మీద చరుచుకుంది. "నానూ అదే అనుకున్నాను. ఆవకాయ రోజుల్లో ఆరుంపావుకి సీకటేటి? మా ఊరి టీబడ్డీలో రేడియో ఉంది. ఆరుంపావుకి వార్తలు మొదలెడతాడు. అయి ఇంటా నాను ఇసక మీద ఎండుసేపలు ఎత్తుకుంటాను. ఇంకా ఎలుతురే!"

రామలక్ష్మి టీ గ్లాసు కింద పెట్టింది. "అదేంటి నానమ్మా? ఆరుంపావుకి చీకటే కదా! నేను పుట్టినప్పట్నుంచీ చూస్తున్నాను. ఆరుంపావుకి లైటు లేకపోతే ఇంట్లో ఏమీ కనపడదు. సినిమావాళ్ళు సహీగానే తీశారు."

తాతమ్మ మొహంలో నవ్వు పోయింది. "ఈ మాట నీకెవులు నేర్పినారే?" అంది.

"ఎవరూ నేర్పలేదు నానమ్మా..."

"నేర్పకుండా ఎలగొస్తాది? ఈ ఇంట్లో అందరికీ ఒకటే పాఠం." ముసలామె లేచి తన పెట్టె తెరిచింది. అడుగునుంచి ఒక పాత ఉత్తరం తీసింది. మడతల దగ్గర చిరిగిపోయి ఉంది. చదవమని ఎవరికీ ఇవ్వలేదు. ఆ ఇంట్లో తెలుగు చదివేవాళ్ళు ఎవరూ లేరు, ఆవిడకి చదివించుకోవలసిన అవసరమూ లేదు. కాగితం పట్టుకుని పాఠంలా అప్పజెప్పింది. "ఆరుంపావుకి సీకటి పడిపోనాది. తమ్ముడు కనపడనేదు. పిలిసినాను. పిలిసినాను. కనపడనేదు."

అప్పుడు కొడుకు వైపు తిరిగింది. పదహారేళ్ళలో మొదటిసారి నేరుగా వాడితోనే అంది.

"ఏ సీకటిరా? వైశాకంలో ఆరుంపావుకి ఏ సీకటి? ఎలుతుర్లో తమ్ముణ్ణి ఒగ్గేసి, నీ పేణం కాసుకుని వొచ్చేసి, సీకటి మీద పెట్టినావు! పిరికోణ్ణమ్మా, బయమేసిపోనాదమ్మా అని రాసుంటే ఏడిసి ఊరుకుందును. ఈ అబద్దం ఎందుకురా?"

గవరయ్య వల మీంచి చేతులు తీశాడు. ఆయన మొహంలో కోపం లేదు. ఎన్నాళ్ళో వెతికిన వస్తువు కాళ్ళ దగ్గరే కనపడినవాడిలా చూశాడు.

"అదా అమ్మా?" అన్నాడు. "ఆణ్ణి ఇక్కడికి ఎందుకు రప్పించినావని నీ కోపం అనుకున్నాను. ఇన్నాళ్ళూ అదే అనుకున్నాను."

ఇంకేమీ చెప్పకుండా లేచి ఒడ్డు వైపు వెళ్ళిపోయాడు. తమ్ముడు పోయిన ఆ సాయంత్రం ఆయన ఒంటి మీద తడిబట్టతో గుమ్మంలో నిలబడ్డం దేముడమ్మకి గుర్తుంది. అప్పటికి ఇంట్లో దీపం పెట్టి చాలాసేపయింది. అందులో ఎవరికైనా అనుమానం వస్తుందని ఆమెకి ఏనాడూ తోచలేదు. వీళ్ళ పల్లెలో ఉన్నన్నాళ్ళూ మొగుడూ పెళ్ళాలిద్దరికీ గడియారం మొహం తెలియదు. పొద్దూ చుక్కలూ చూసుకునే బతికారు. గంటలు లెక్కపెట్టడం ఈ దీవులకొచ్చాకే నేర్చుకున్నారు. ఆ ఒడ్డున ఆరుంపావు ఎలా ఉంటుందో ఇద్దరికీ తెలియదు.

నోట్‌బుక్కు పట్టుకుని బొమ్మలా నిలబడ్డ గణేశ్వరరావు ఉన్నట్టుండి అన్నాడు. "నానమ్మా, సునో. పోయినవారం మీ ఊళ్ళో ఎండ చూసి ఐదుంపావు అయిందనుకున్నాను. ఘడీ చూస్తే ఆరు. అందుకే ఆ సీన్ మిస్టేక్ అని రాశాను. చెల్లి చెప్పింది కూడా నిజమే. మనం ఇక్కడ బాగా తూర్పున ఉన్నాం. సూర్యుడు ముందు ఇక్కడికి వస్తాడు, ఇక్కణ్ణుంచి ముందే పోతాడు. గడియారం మాత్రం రెండు ఒడ్లకీ ఒకటే."

"సూరీడు మీకు ఏరే ఉన్నాడేటి?" అంది తాతమ్మ. "అయ్యని ఎనకేసుకురావాల, తప్పులేదు. గడియారానికేటి, ఎలగ తిప్పితే అలగ తిరుగుతాది."

ఆ పూట ముసలామె అన్నం ముట్టలేదు. గవరయ్య తిండికి రాలేదు. రామలక్ష్మి ఏడుస్తూ మూల కూర్చుంది. దేముడమ్మ అంట్లు తోముతూ ఒకటే ఆలోచించింది. అత్తకి గడియారం మీద నమ్మకం లేదు, కోడలి మీద లేదు, మనవడి మీద కూడా లేదు. దేని మీద ఉంది? పొద్దుట ఆవిడ నోటితో ఆవిడే చెప్పింది.

సాయంత్రం చేపలు దిగే ఒడ్డు దగ్గర తాతమ్మ ఒక్కతే ఒక చెక్కపెట్టె మీద కూర్చుని ఉంది. దేముడమ్మ ట్రాన్సిస్టర్ తీసుకెళ్ళి ఆవిడ పక్కన పెట్టింది. వెనకే వచ్చిన గణేశ్వరరావు ముల్లు తిప్పాడు. చాలాసేపు గరగర తప్ప ఏమీ రాలేదు. ఒక సింహళం పాట వచ్చి పోయింది. ఈలోగా ఎర్రటి వెలుగు తగ్గి, నీళ్ళు నల్లబడి, పడవలు మసకబారిపోయాయి. ఆటో ఒకటి లైట్లు వేసుకుని రోడ్డెక్కింది.

"మబ్బేసినట్టుంది," అంది తాతమ్మ. తల ఎత్తి చూసింది. మబ్బు లేదు. చుక్కలు కనపడుతున్నాయి.

అప్పుడు గరగరలోంచి ఒక గొంతు తేలింది. తెలుగు గొంతు. సమయం ఆరు గంటల పదిహేను నిమిషాలు, వార్తలు అంది. తాతమ్మ వెన్ను నిటారైంది. ఆ గొంతు ఆవిడ రోజూ వినేదే. టీబడ్డీలో ఆ గొంతు మొదలుకాగానే బుట్ట చంకన పెట్టుకుని ఇసకలోకి దిగేది. ఎండుచేపలు చేతికి వెచ్చగా తగిలేవి. ఆ గొంతు ఇప్పుడు ఈ చీకట్లో మాట్లాడుతోంది.

ఆవిడ తన చేతిని మొహం ముందు పెట్టుకుని చూసుకుంది. తర్వాత నీళ్ళ వైపు చూసింది. పదిహేను అడుగుల అవతల, లాగి పెట్టిన పడవ దగ్గర ఏదో కదిలింది.

"ఎవులది?" అంది తాతమ్మ.

ఆ కదలిక ఆగిపోయింది.

"ఎవుల్రా అక్కడ? నాకు కనపట్నేదు. పలకండి!"

"నానేనమ్మా," అన్నాడు గవరయ్య.

రేడియో చదువుకుంటూ పోతోంది. కొడుకు ఎదురుగా పదిహేను అడుగుల్లో ఉన్నాడు. పడవ కదలడం లేదు, కెరటం లేదు, ప్రవాహం లేదు. అయినా కన్నతల్లి గుర్తుపట్టలేకపోయింది.

"కనపట్నేదురా," అంది ఈసారి మెల్లగా. "నిజంగానే కనపట్నేదు." అని చీకట్లోకి చేతులు చాపి, "ఆణ్ణి ఎన్నిసార్లు పిలిసినావురా నాయినా?" అని అడిగింది.

"గొంతు పోయిందాకా పిలిసినానమ్మా. రెండ్రోజులు మాట రానేదు."

ముసలామె చాపిన చేతులకి కొడుకు తల తగిలింది. ఇద్దరూ అలాగే ఉండిపోయారు. దేముడమ్మ రేడియో కట్టేసి, కొడుకు చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చేసింది. దారిలో ఆమె కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. వాడు చూడనట్టు నడిచాడు.

మర్నాడు ఉదయం ఐదింటికి తాతమ్మే పొయ్యి వెలిగించింది. గడియారాన్ని ఏమీ అనలేదు. గణేశ్వరరావు నోట్‌బుక్కు పట్టుకుని పక్కన చేరాడు.

"నంబర్ తీన్ ఏం చెయ్యను నానమ్మా? మిస్టేకా, కాదా?"

తాతమ్మ ఊదుగొట్టం పక్కన పెట్టింది. "ఆ ఒడ్డున తీసుంటే తప్పు. ఈ ఒడ్డున తీసుంటే కాదు. ఏ ఒడ్డున తీసినాడో అడక్కుండా తప్పని సెప్పేసినాం కదా, తప్పు మనదే." పొయ్యిలో పుల్ల ఎగదోసి, "నాది పదారేల్ల తప్పు. అది రాసుకో," అంది. వాడు రాసుకోలేదు.

జనం వచ్చారు. గోడ దగ్గర పసుపు రాసిన పీట వేశారు. మిగతా పెద్దలందరి బట్టలూ పెట్టడం అయ్యాక గణేశ్వరరావు షరతు ప్రకారం ముందుకు వచ్చి, నూకన్న పంచె కోసం నానమ్మ వైపు చేతులు చాపాడు. తాతమ్మ వాణ్ణి పక్కకి జరగమంది. పంచె మడత విప్పి, సరిచేసి, గవరయ్య రెండు చేతుల్లో పెట్టింది. తన చేతులు ఆ చేతుల కింద ఆనించి పట్టుకుంది.

పంచె పీట మీద పెట్టాక తాతమ్మ గోడ వైపు చూస్తూ, గుమ్మం దాకా ఉన్న జనమందరికీ వినపడేలా అంది.

"నూకా! అన్న పెడతన్నాడు. తీసుకో నాయినా."